మాయ ఒకటా, రెండా?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేనొక జిల్లా కేంద్రంలో ఇరవై రెండేళ్లుగా స్కానింగ్ చేస్తున్న డాక్టర్ని. లైసెన్సు రెన్యువల్ కాయితాలు తప్ప మీ శాఖతో నాకు పెద్దగా పని పడలేదు. ఇప్పుడు ఈ ఉత్తరం రాయిస్తున్నది ఒక పాత రిపోర్టు. తొమ్మిదేళ్ల కిందటిది. నేను రాసిందే, కింద సంతకం కూడా నాదే.

అందులో ఉన్నదింతే: గర్భంలో కవలలు. వయసు పన్నెండు వారాల నాలుగు రోజులు. ఇద్దరి గుండె చప్పుళ్లూ బాగున్నాయి. ఐదో నెలలో మళ్లీ చూడాలి. ఏ వాక్యం తీసుకున్నా తప్పు పట్టడానికి లేదు. లేనిదొక్కటే. ఆ ఇద్దరు బిడ్డలకూ మాయ ఒకటా, రెండా అన్నది నేను రాయలేదు. చూడలేదని కాదు, చూసే ఉంటాను. అప్పుడు బయట బెంచీల మీద నలభై మంది కూర్చున్నారు.

ఆ రిపోర్టు తీసుకెళ్లిన అమ్మాయి మళ్లీ వచ్చింది మిరపకాయ ఏరే రోజుల్లో. నేను చెప్పిన తేదీ కన్నా నాలుగు రోజులు ముందే వచ్చింది. "పది దినాల సంది రాత్రి పండుకుంటే ఊపిరి ఆడ్తలేదు సార్, కడుపు బిర్రుగయితంది" అంది. అత్త మాత్రం ధైర్యంగానే ఉంది. "ఇద్దరు గద సారూ, కడుపు పెద్దగనే ఉంటది గద. మా ఆశమ్మ గూడ అట్లనే అన్నది." ఆశమ్మను, అంటే ఆ ఊరి ఆశా కార్యకర్తను తప్పు పట్టలేం. నా రిపోర్టు చదివి ఆమె ఇంకోమాట ఎలా అంటుంది?

ప్రోబ్ పెట్టగానే ఒక పక్కంతా చెరువు. అందులో ఒక బిడ్డ, పొట్ట ఉబ్బి, చర్మం కింద నీరు చేరి. రెండో బిడ్డ కోసం వెతకాల్సి వచ్చింది. పైన, గర్భసంచి గోడకు మేకు కొట్టి తగిలించినట్టు, కదలకుండా ఉంది. దాని చుట్టూ చుక్క ఉమ్మనీరు లేదు. అరగంట చూసినా మూత్రాశయం నిండలేదు. ఆ రాత్రే వాళ్లను హైదరాబాదు పంపాను. లేజరు చేశారు. ఉబ్బిన బిడ్డ రెండు రోజులకు గర్భంలోనే పోయింది. ఇక ఆశ లేదని అందరం వదులుకున్న ఆ గోడకు అంటుకుపోయిన బిడ్డే బతికింది, ముప్పై ఒకటో వారంలో పుట్టింది. ఇప్పుడు మూడో తరగతి. ఏటా ఒకసారి తల్లి నా దగ్గరికి తీసుకొస్తుంది. ఆమె నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

మంత్రిగారూ, కవలలనగానే ఒకేలా ఉన్నారా, వేరుగా ఉన్నారా అని అడుగుతాం. పుట్టాక అది ముచ్చటే. గర్భంలో ఉన్నప్పుడు అడగాల్సింది పోలిక గురించి కాదు, మాయ గురించి. రెండు అండాల నుంచి వచ్చిన కవలలకు మాయలు రెండే. ఒకే పిండం చీలి ఇద్దరైనప్పుడు మాత్రం చీలిక ఏ రోజున జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి మూడు రోజుల్లో చీలితే ఎవరి మాయ వాళ్లది, ఎవరి సంచి వాళ్లది. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు మధ్య చీలితే సంచులు రెండు, మాయ ఒకటే. ఒకేపోలిక కవలల్లో నూటికి డెబ్భై మందికి పైగా ఇలాంటివాళ్లే. ఇంకా ఆలస్యమైతే సంచి కూడా ఒకటే. పదమూడో రోజు దాటాక చీలిక మొదలైతే పూర్తికాదు, అవిభక్త కవలలవుతారు. అలా పుట్టిన వీణా-వాణీల వల్ల ఈ చివరి రకం గురించి మన రాష్ట్రంలో తెలియని ఇల్లు లేదు. అన్నిటికన్నా అరుదైనది అందరికీ తెలుసు, దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగేదాని పేరు కూడా ఎవరూ వినలేదు.

జంట అరటిపండు తింటే కవలలు పుడతారని మా అమ్మ మా అక్కలకు పెట్టేది కాదు. పెట్టినా మానినా, ఒకేపోలిక కవలల లెక్క ప్రపంచమంతా ఇంచుమించు ఒకటే, వెయ్యి కాన్పులకు నాలుగు. అంటే లక్ష కాన్పులు జరిగే చోట నాలుగు వందల జంటలు. అందులో రెండు వందల ఎనభై దాకా ఒక మాయ మీద పెరిగేవి. వాటిలో నూటికి పది నుంచి పదిహేను జంటలకు నేను చూసిన జబ్బు వస్తుంది. లెక్కేస్తే లక్ష కాన్పులకు ముప్పై, నలభై. అరుదే. కానీ వైద్యం చేయకుండా వదిలేస్తే, తీవ్రమైన దశలో నూటికి తొంభై వంతులు ఇద్దరు బిడ్డలూ దక్కరు.

ఇది ఎలా జరుగుతుందో రైతు బిడ్డ ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఒకే మాయ మీద ఉన్న ఇద్దరు బిడ్డల రక్తనాళాలు మాయ లోపల ఒకదానితో ఒకటి కలుస్తాయి. దాదాపు అన్ని ఒంటి మాయ జంటల్లోనూ ఇది ఉంటుంది. జర్మనీలోని రోస్టాక్‌లో ఫ్రీడ్రిష్ షాట్జ్ అనే ప్రసూతి వైద్యుడు 19వ శతాబ్దంలోనే మాయలను తెరిచి చూసి దీన్ని 'మూడో ప్రసరణ' అన్నాడు. వచ్చేంత పోయేంత సమంగా ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. కొన్ని నాళాలు మాత్రం ఒక వైపే పారతాయి. ఒకరి పొలం కింద నుంచి తూము పక్క పొలంలోకి పోయినట్టు. ఇచ్చే బిడ్డలో రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలు మూత్రం చేయడం మానేస్తాయి. ఉమ్మనీరంటే ఆ వయసులో చాలావరకు బిడ్డ మూత్రమే కాబట్టి, నీరు ఎండి సంచి పొర బిడ్డకు చుట్టుకుపోతుంది. పుచ్చుకునే బిడ్డ అదృష్టవంతుడనుకోకండి. ఎక్కువైన రక్తాన్ని తోయలేక వాడి గుండె అలసిపోతుంది, మూత్రం అదుపు తప్పి నీరు ఊరుతుంది. ఎగువ పొలం ఎండి చస్తే దిగువ పొలం మురిగి చస్తుంది.

ఆ నీటిని కొలవడంలోనే మావాళ్లు తరచూ పొరబడతారు. ఒక్క బిడ్డ ఉన్నప్పుడు కొలిచినట్టే గర్భం మొత్తానికి కలిపి కొలిస్తే సగటు నిక్షేపంలా వస్తుంది. ఒక సంచిలో కరువు, ఒక సంచిలో వరద, రిపోర్టులో మాత్రం నార్మల్! ప్రతి సంచిలోనూ అన్నిటికన్నా లోతైన చోటును వేరుగా కొలవాలి. ఒకదాంట్లో 2 సెంటీమీటర్ల లోపు, ఇంకోదాంట్లో 8 సెంటీమీటర్లు దాటితే అదే మొదటి దశ. 1999లో క్వింటెరో అనే వైద్యుడు రాసిన అయిదు దశల లెక్క ఇది. ఇచ్చే బిడ్డ మూత్రాశయం కనపడకపోతే రెండోది, డాప్లర్‌లో రక్త ప్రవాహం చెడితే మూడోది, ఒంటికి నీరు పడితే నాలుగోది, ప్రాణం పోతే అయిదోది. నేను చూసింది నాలుగో దశ. దశలు వరసగానే రావాలని ఏమీ లేదు. పదిహేను రోజుల్లో మొదటి నుంచి మూడోదానికి దూకడం మామూలే. ఒంటి మాయ గర్భాన్ని పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి చూడాలని లోకమంతా ఒప్పుకున్నది అందుకే. "ఐదో నెలలో రండి" అని నేను రాసిన వాక్యం పన్నెండో వారానికీ ఇరవయ్యో వారానికీ మధ్య ఎనిమిది వారాలను ఖాళీగా వదిలేసింది.

ఈ జబ్బుకు మందు లేదనుకున్న రోజులు పోయాయి. 1988లో అమెరికాలో జూలియన్ డి లియా అనే ప్రసూతి వైద్యుడు సన్నటి దుర్భిణి గొట్టాన్ని గర్భంలోకి పంపి, కలిసిన నాళాలను లేజరుతో మాడ్చి మూసేశాడు. చాలామంది ఆయన్ను నమ్మలేదు. ఎక్కువైన నీటిని సూదితో తీసేస్తే చాలనే వాదం నడిచింది. 2004లో యూరప్‌లో రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఒక్క బిడ్డయినా దక్కింది లేజరుతో నూటికి 76 మందికి, నీరు తీస్తే 56 మందికి. అక్కడితో వాదం సద్దుమణిగింది. 2014లో ఇంకో మెరుగు వచ్చింది. నాళాలను ఒక్కొక్కటిగా మాడ్చి వదిలేయకుండా, మాయ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గీత గీసినట్టు లేజరుతో కాల్చడం. భాగాలు పంచినట్టు ఇది నీది, అది నాది. ఆ గీత వల్ల ఇంకో మేలు కూడా ఉంది. ఆ తర్వాత ఒక బిడ్డ పోయినా దాని ప్రభావం రెండో బిడ్డ మీద పడదు. మూడో తరగతి చదువుతున్న ఆ పిల్ల నడుస్తోందంటే, మాట్లాడుతోందంటే, ఆ గీతే.

గీత లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఊళ్లలో పెద్ద పొరపాటు జరుగుతోంది. ఒక మాయ మీద ఉన్న ఇద్దరిలో ఒకరి గుండె ఆగగానే రక్తపోటు పడిపోతుంది, బతికున్న బిడ్డ రక్తం కలిసిన నాళాల గుండా చనిపోయిన బిడ్డ వైపు దిగిపోతుంది. ఆ కొద్దిసేపట్లోనే ప్రాణమో మెదడో దెబ్బతింటుంది. నూటికి పదిహేను మంది రెండో బిడ్డలు వెంటనే పోతారు, బతికినవాళ్లలో నాలుగో వంతు మందికి మెదడు దెబ్బ తగులుతుంది. అప్పుడు కుటుంబం వచ్చి "ఒకరు పోయిర్రు, ఇంకొకల్లనన్న కాపాడుండ్రి, గిప్పుడే ఆపరేషన్ చేసి తీయుండ్రి" అని కాళ్లు పట్టుకుంటుంది. డాక్టరు భయపడి ఇరవై ఎనిమిది వారాల బిడ్డను బయటికి తీస్తాడు. జరగాల్సిన నష్టం ఆ క్షణంలోనే జరిగిపోయింది, తొందరపడి తీస్తే దానికి నెలలు నిండకపోవడం అనే ఇంకో నష్టం తోడవుతుంది. చేయాల్సింది ఆగడం, రక్తహీనత ఉందేమో డాప్లర్‌తో చూడడం, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత బిడ్డ మెదడుకు ఎమ్మారై తీయించడం. ఆ మాట కుటుంబానికి చెప్పగలగాలంటే అది ఒకే మాయ అని ముందే రాసి ఉండాలి.

మిగిలిన రకాలను క్లుప్తంగా చెబుతాను. కొన్ని జంటల్లో కలిసిన నాళాలు మిల్లీమీటరు కన్నా సన్నగా ఉంటాయి. రక్తం చుక్కచుక్కగా వారాల తరబడి కారుతుంది. ఉమ్మనీటిలో తేడా కనపడదు. పుట్టాక ఒకరు తెల్లగా పాలిపోయి, ఒకరు నేరేడు పండులా వస్తారు. 1617 నాటి డచ్చి చిత్రమొకటి ఉంది. పొత్తిగుడ్డల్లో చుట్టిన ఇద్దరు పసికందులు, ఒకరి ముఖం పాలిపోయి, ఒకరిది ఎర్రగా. అది ఇలాంటి జబ్బేనని చాలామంది వైద్యుల ఊహ. చిత్రకారుడు చూశాడు, మనం చూడాలంటే ఇరవయ్యో వారం నుంచి ప్రతిసారీ బిడ్డల మెదడు ధమనిలో రక్తం వేగాన్ని డాప్లర్‌తో కొలవాలి. ఇంకో రకంలో మాయను ఇద్దరూ అన్నదమ్ముల ఆస్తిలా కాకుండా దాయాదుల ఆస్తిలా పంచుకుంటారు. ఒకరికి ముప్పావు, ఒకరికి పావు, ఆ పావు వాటా బిడ్డ ఎదగదు. ఒకే సంచిలో ఇద్దరూ ఉంటే బొడ్డుతాళ్లు పెనవేసుకుపోతాయి. అలాంటి కాన్పును 32 నుంచి 34 వారాల మధ్య ఆపరేషన్‌తో చేయాలి. రెండు సంచులుండి ఏ ఇబ్బందీ లేని ఒంటి మాయ కాన్పుకు 36వ వారం సరైన సమయం.

ముప్పై అయిదు వేల గర్భాల్లో ఒకసారి కనిపించే వింత ఒకటుంది. నా వృత్తిలో ఒక్కసారే చూశాను. ఒక బిడ్డకు గుండె ఉండదు, తరచూ తల కూడా సరిగా ఏర్పడదు. రెండో బిడ్డ గుండే రెండు ఒళ్లకూ రక్తం తోస్తుంది, అదీ ఎదురు దిక్కులో. మొదటి స్కానులో గుండె చప్పుడు లేకపోయేసరికి 'ఒక పిండం పోయింది' అని రాసేస్తారు. మూడు వారాలకు మళ్లీ చూస్తే పోయిందనుకున్నది పెరిగి ఉంటుంది. ఇది చూసి గాభరా పడిన తోటి డాక్టరు ఒకాయన రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి, "అన్నా, చచ్చిన బిడ్డ పెరుగుతుందా?" అన్నాడు. ఒకే మాయ అయితే పెరుగుతుంది తమ్ముడూ అన్నాను. ఆ బొడ్డుతాడులోకి వెళ్లే రక్తాన్ని సూదితో వేడి పంపి ఆపేయగలిగితే బతికున్న బిడ్డ గుండె తేరుకుంటుంది.

వీటన్నిటికీ తలుపు ఒక్కటే. ఆ తలుపు పద్నాలుగో వారం దాటితే మూసుకుపోతుంది. రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోటు చూడాలి. రెండు మాయలు పక్కపక్కన అంటుకుని ఉంటే, వాటి మాంసం ఆ పొర మొదట్లోకి చొచ్చుకొచ్చి, పొలం గట్టులా కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నంగా కనిపిస్తుంది. మేం దాన్ని లాంబ్డా అంటాం. ఒకటే మాయ అయితే గట్టు ఉండదు, సన్నని పొర గోడకు నిలువుగా తాకుతుంది. దాన్ని టీ అంటాం. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య ఇది చూడడానికి రెండు నిమిషాలు చాలు. తర్వాత గట్టు కరుగుతూ పోతుంది, ఇరవయ్యో వారానికి కొందరిలో మాయమే అవుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన యంత్రమైనా ఊహించడం తప్ప చేయగలిగింది తక్కువ.

ఇక్కడ మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. ఐదో నెలలో చేసే టిఫా స్కానులో ఒకరు ఆడ, ఒకరు మగ అని కనిపిస్తే మాయలు రెండేనని మాకు ఇట్టే తెలుస్తుంది. కానీ లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం ఆ సంగతి గురించి మేం నోరెత్తకూడదు, ఎత్తం కూడా. 'మాయలు రెండు' అని రాయడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డం లేదు. పైగా ఆ చట్టం కిందే గర్భిణి స్కాన్‌కు ప్రతిసారీ ఫారం ఎఫ్ నింపుతాం. ఒక గడి ఖాళీగా ఉన్నా తనిఖీకి వచ్చినవాళ్లు సీలు వేస్తారన్న భయంతో రాత్రి ఇంటికెళ్లేలోపు ప్రతి గడీ నింపుతాం. భయంతో అన్ని గడులు నింపేవాళ్లం, ఇంకో గడి నింపలేమా?

కవల గర్భిణులందరికీ హై రిస్క్ అని తల్లీబిడ్డల కార్డు మీద ఎర్ర స్టిక్కరు వేస్తున్నాం కదా అని మీ అధికారులు మీకు చెప్పవచ్చు. వేస్తున్నారు, నిజమే. ఆ స్టిక్కరు రెండు మాయల తల్లినీ ఒక మాయ తల్లినీ ఒకే రంగులో చూపిస్తుంది. రెండు మాయల తల్లిని నాలుగు వారాలకోసారి చూస్తే సరిపోతుంది, ఒక మాయ తల్లికి రెండు వారాలు. ఇద్దరినీ ఒకే వరసలో నిలబెడితే అవసరం లేనామెకు తిరుగుడు ఎక్కువవుతుంది, అవసరం ఉన్నామెకు చూపు తక్కువవుతుంది. పట్నాల్లో వెలుస్తున్న ఐవీఎఫ్ సెంటర్లలో ఇంకో ధీమా ఉంది. "రెండు పిండాలు పెట్టాం, కాబట్టి మాయలు రెండే" అంటారు. పెట్టిన పిండం లోపలికెళ్లాక చీలదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఐవీఎఫ్‌లో ఆ చీలిక మామూలు కన్నా కాస్త ఎక్కువ కూడా.

నేనడుగుతున్నది కొత్త యంత్రం కాదు. జిల్లా ఆస్పత్రుల్లో యంత్రాలున్నాయి, కొన్నిచోట్ల వాటి మీద కప్పిన ప్లాస్టిక్ కవరు తీసే చెయ్యే లేదు, అది వేరే ఉత్తరం. అడుగుతున్నదిది: మాయలెన్నో, సంచులెన్నో రాయని కవలల రిపోర్టును ప్రభుత్వ ఆస్పత్రి గానీ ప్రైవేటు గానీ పూర్తయినట్టు లెక్కించకూడదని ఒక ఉత్తర్వు ఇవ్వండి. తేల్చలేకపోతే 'తెలియలేదు' అని నిజాయితీగా రాయాలి, ఆ తల్లిని ఒక మాయ తల్లిగానే చూడాలి. ఆ మాటను తల్లి కార్డు మీద తెలుగులో రాయాలి. ఇంగ్లీషులో రాసిన పదం ఆశమ్మకూ అర్థం కాదు, అత్తకూ అర్థం కాదు. 'మాయ ఒకటే' అంటే మాత్రం మా జిల్లాలో అర్థం కాని ఆడమనిషి లేదు. కాన్పయ్యాక మాయ పడిందా అని అడగని ముసలమ్మ ఉంటుందా?

రెండోది రాకపోకలు. పదహారో వారం నుంచి ముప్పై ఆరో వారం దాకా రెండు వారాలకోసారి అంటే పదకొండు స్కానులు. ఒక్కోసారికి ఇద్దరి కూలి పోతుంది, ఆ అమ్మాయితో ఒకరు తోడు రావాలి కదా. ఏరుడు రోజుల్లో ఆ కూలి ఇంటికి ముఖ్యం. మొదటి రెండుసార్లు అంతా బాగుందని చెబితే మూడోసారికి రారు, వాళ్లను అనడానికి నాకు నోరు రాదు. 102 బండిని ఈ తల్లుల ఇంటి ముందుకు పదకొండుసార్లు పంపండి, ఆ రోజు కూలి చేతికివ్వండి. లక్ష కాన్పులకు మూడు వందల మంది కన్నా తక్కువే, ఖజానాకు ఇది భారమా? మధ్యలో "కడుపు రెండు మూడు రోజుల్లోనే ఉబ్బింది, ఊపిరాడ్తలేదు" అంటే తేదీ కోసం ఆగకుండా వెంటనే తీసుకురమ్మని ఆశమ్మలకు ఒక పూట చెబితే చాలు.

మూడోది, తేడా దొరికిన రోజున జిల్లా డాక్టరుకు ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. ప్రస్తుతం నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు స్నేహితుల నంబర్లతో నెట్టుకొస్తున్నాను. వాళ్లు ఎత్తకపోతే? లేజరు పదహారు నుంచి ఇరవై ఆరు వారాల మధ్య, దశ ముదరకముందు చేయాల్సిన పని, రెండు రోజులు ఆలస్యమైతే లెక్క మారుతుంది. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే ఆ లేజరు ఖర్చు గురించి ఆ రాత్రి ఆ కుటుంబం ఎవరినీ అడుక్కోవలసిన పని లేకుండా చూడండి. ఆ తొమ్మిదేళ్ల కిందటి రాత్రి వాళ్లు ఎడ్లను తాకట్టు పెట్టారని నాకు తర్వాత తెలిసింది.

మీ ఉత్తర్వు కోసం ఆగకుండా నేను చేస్తున్నదొకటి చెప్పి ముగిస్తాను. మా బస్టాండు పక్కన రబ్బరు స్టాంపులు చేసే ఒకతను ఉన్నాడు. అతనితో రెండు స్టాంపులు చేయించాను. ఒకదాని మీద 'మాయలు రెండు, నెలకోసారి స్కాన్'. రెండోదాని మీద 'మాయ ఒకటే, 15 రోజులకోసారి స్కాన్'. కవలలు కనిపించిన ప్రతి తల్లి కార్డు మీదా రెంటిలో ఏదో ఒకటి కొట్టాకే ఆమెను బల్ల మీద నుంచి లేపుతున్నాను. స్టాంపు కొట్టేటప్పుడు అదేమిటో చదివి వినిపించమని నా దగ్గర పనిచేసే అమ్మాయికి చెప్పాను. కిందటి వారం ఒక ముసలమ్మ ఆ స్టాంపు మీద వేలు పెట్టి, "ఒక్కటేనా? అట్లయితే పదిహేను దినాలకు మళ్ల తోలుకొస్త" అని తనే తేదీ అడిగి రాయించుకుంది.

రెండు స్టాంపుల ముద్రలూ ఈ ఉత్తరం కింద వేశాను. రెండోదానికి సిరా ఎక్కువై కాస్త అలికింది. ఇప్పుడు అదే ఎక్కువ వాడుతున్నానని కాదు, డబ్బా కొత్తది.

ఇట్లు,
ఒక జిల్లా స్కానింగ్ డాక్టరు